ఓరుగల్లు ఎండకు ఆగే కౌలింగ్: సొంతంగా కట్టుకునే చిన్న విమానంలో ఇంజిన్‌ను చల్లగా ఉంచే పద్ధతి

వేసవి వచ్చి కిటికీకి కూలర్ బిగించిన రోజు మా ఇంట్లో ఏటా ఒకే వాదన. చల్లగాలి బయటికి పోతుందని ఎవరో ఒకరు ఎదురు కిటికీ మూసేస్తారు. అరగంటలో గది ఉక్కపోస్తుంది, కూలర్ మాత్రం అదే హోరుతో తిరుగుతూ ఉంటుంది. అమ్మ లేచి ఎదురు కిటికీ తెరిచేదాకా ఊపిరాడదు. గాలి లోపలికి రావాలంటే ముందు బయటికి పోయే దారి ఉండాలన్నది ఆమెకు ఏ లెక్కలూ లేకుండానే తెలుసు. నాకు మాత్రం విమానం ముక్కు మీది ఫైబర్ గ్లాసు తొడుగును రెండుసార్లు కోసి, రెండుసార్లు అతికించుకున్నాక గానీ ఆ సంగతి తలకెక్కలేదు.

ఆ తొడుగునే కౌలింగ్ అంటారు. హనుమకొండ శివార్లలోని నా షెడ్డుకు ఇంజినీరింగ్ పిల్లలు వచ్చినప్పుడు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ముందు రంధ్రం ఎంత పెద్దది పెట్టాలి? నా జవాబు వాళ్లకు నచ్చదు. రంధ్రం సంగతి మూడోది. లోపలికొచ్చిన గాలి ఫిన్‌ల (వేడిని గాలికి వదలడానికి సిలిండర్ల మీద ఉండే పలుచని రెక్కల) మధ్య నుంచి తప్ప మరో దారిలో పోకుండా చూడటం మొదటిది, పని అయ్యాక దాన్ని సాఫీగా బయటికి పంపడం రెండోది. ఈ వ్యాసమంతా ఆ క్రమం చుట్టూనే తిరుగుతుంది.

ఉదాహరణకు నేను తీసుకున్నది నా సొంత విమానం: రెండు సీట్లు, 80 హార్స్‌పవర్, గాలితో చల్లబడే నాలుగు సిలిండర్ల ఇంజిన్, ఇటు రెండు అటు రెండు పడుకున్న సిలిండర్లు. నీటితో చల్లబడే రకానికి మధ్యలో ఒక భాగం ఉంది. మన పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ దగ్గర రిజిస్ట్రేషన్, ఎగరడానికి అనుమతి లేకుండా వీటిలో ఏదీ నేల విడవకూడదు. అది వేరే వ్యాసానికి సరిపడా కథ.

మొదటి అడుగు: మన ఎండను లెక్కలోకి తీసుకోండి

విదేశాల నుంచి వచ్చే ప్లాన్లు, కిట్లు చల్లని దేశాల్లో పరీక్షించినవి. విమానాలకు ధ్రువీకరణ ఇచ్చే అమెరికా నిబంధనల్లో ఇంజిన్ చల్లదనాన్ని తేల్చే ‘వేడి రోజు’ సముద్రమట్టం దగ్గర 38 డిగ్రీలు. మన మే నెలలో ఆ 38 పొద్దున పదకొండు గంటల ఉష్ణోగ్రత. మధ్యాహ్నం 44, 45 మనకు వార్త కాదు. రామగుండం వైపు వెళ్తే అంతకు మించిన రోజులూ ఉంటాయి.

వరంగల్ సముద్రమట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తున ఉంది. 45 డిగ్రీల రోజున ఇక్కడి గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.08 కిలోలకు కాస్త అటూఇటూగా ఉంటుంది. 15 డిగ్రీల ప్రామాణిక వాతావరణంలో సముద్రమట్టం దగ్గర అది 1.225. అంటే మన నేల మీదే నిలబడి ఉన్నా, విమానానికి మాత్రం దాదాపు 1,300 మీటర్ల ఎత్తులో ఉన్నట్టే. అరకు లోయ కంటే ఎత్తు.

దెబ్బ రెండు వైపుల నుంచీ పడుతుంది. గాలి పలుచబడుతుంది, దానికితోడు వేడెక్కి వస్తుంది. 200 డిగ్రీల సిలిండర్ హెడ్‌కూ (పెట్రోలు మండే చోటి మూత అది) 15 డిగ్రీల గాలికీ మధ్య తేడా 185. అదే గాలి 45 డిగ్రీలైతే తేడా 155కు పడిపోతుంది, ఆరో వంతు నష్టం. ఇక 100 డిగ్రీల నీళ్లతో నడిచే రేడియేటర్‌కైతే తేడా 85 నుంచి 55కు దిగుతుంది. మూడో వంతుకు పైగా పోయినట్టే. నీటితో చల్లబడే ఇంజిన్ మన ఎండకు తట్టుకుంటుందని చాలామంది నమ్మకం. ఈ లెక్క చూశాక నాకు ఆ ధీమా లేదు. పలుచని గాలిలో ఇంజిన్ శక్తీ కొంత తగ్గుతుంది కాబట్టి అది పుట్టించే వేడీ తగ్గుతుంది. మనకున్న ఊరట అదొక్కటే.

రెండో అడుగు: ఇంజిన్ పుస్తకంలో హద్దులు చూసి గోడ మీద రాసుకోండి

చిన్న విమానాల ఇంజిన్లు చేసే కంపెనీల్లో లైకమింగ్ నాలుగు సిలిండర్ల ఇంజిన్లకు హెడ్ ఉష్ణోగ్రత గరిష్ఠ పరిమితి 260 డిగ్రీల సెల్సియస్. ఇంజిన్ ఎక్కువ కాలం మన్నాలంటే 224 దాటనీయవద్దని తయారీదారే చెబుతాడు. కాంటినెంటల్ ఇంజిన్లలో చాలావాటికి పరిమితి 238. రోటాక్స్ 912లో 100 హార్స్‌పవర్ రకానికి పాత ఇంజిన్లలో హెడ్ 135 డిగ్రీలు, కొత్త వాటిలో కూలెంట్ 120 డిగ్రీలు, ఆయిల్ 130. మీ ఇంజిన్ ఏ కాలం నాటిదో సీరియల్ నంబరుతో సరిచూసుకోవాలి. ఎర్రగీత దగ్గర ఎగరడం నాకు ఇష్టం ఉండదు. అల్యూమినియం హెడ్ వేడెక్కే కొద్దీ బలం కోల్పోతుంది. నిజాయితీగా చెప్పాలంటే, నా పరిమితి పుస్తకంలోని పరిమితికి 25 డిగ్రీలు కిందే.

ఒక హెచ్చరిక. కౌలింగ్‌ను నిందించే ముందు ఇంజిన్‌ను చూడండి. మిశ్రమంలో పెట్రోలు తక్కువైనా, స్పార్క్ ముందుకు జరిగినా హెడ్‌లు కాగుతాయి. అలాంటి ఇంజిన్‌కు ఎంత మంచి కౌలింగ్ తొడిగినా జ్వరం వచ్చినవాడికి విసనకర్రతో విసిరినట్టే.

మూడో అడుగు: చెరువును ఊహించుకోండి

మన వైపు వాళ్లకు ఈ విషయం చెప్పడం తేలిక. పాకాల, రామప్ప, లక్నవరం చూసినవాళ్లకు కట్ట అంటే ఏమిటో, తూము అంటే ఏమిటో, గండి పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఇంజిన్ పైభాగాన కౌలింగ్ కింద ఉండే ఖాళీ చెరువు. ముందు ద్వారం నుంచి దూసుకొచ్చిన గాలి అక్కడ వేగం తగ్గి పీడనంగా నిలవాలి. ఇంజిన్ చుట్టూ నిలబెట్టే రేకులు, అంటే బాఫిల్‌లు, కట్ట. సిలిండర్ ఫిన్‌ల మధ్య సందులు తూములు. ఇంజిన్ కింది ఖాళీ కాలువ, వెనుక ద్వారం దాని చివర. గాలి పై నుంచి కిందికి ఫిన్‌ల గుండా దిగాలి. దిగేట్టు చేసేది వేగం కాదు, పై గదికీ కింది గదికీ మధ్య ఉన్న పీడన తేడా.

ఆ తేడా ఎంత దొరుకుతుంది? వేగమాపకం గంటకు 105 కిలోమీటర్లు చూపుతున్నప్పుడు గాలి తాకిడి పీడనం 53 మిల్లీమీటర్ల నీటి మట్టానికి సమానం. 180 చూపుతున్నప్పుడు 156. అంటే పైకెక్కేటప్పుడు ఇంజిన్ పూర్తి శక్తితో మండుతుంటే మన చేతిలో ఉండేది సమతల ప్రయాణంలో ఉండే పీడనంలో మూడో వంతు. అందుకే కౌలింగ్‌కు అసలు పరీక్ష ఆ ఎక్కే పది నిమిషాలే. సమతల ప్రయాణంలో చల్లగా ఉందని మురిసిపోతే రేపు మే నెలలో ఇద్దరిని ఎక్కించుకున్నప్పుడు బండారం బయటపడుతుంది.

నాలుగో అడుగు: ముందు ద్వారం

లెక్క చూద్దాం. 80 హార్స్‌పవర్ అంటే 60 కిలోవాట్లు. గాలితో చల్లబడే ఇంజిన్‌లో అందులో దాదాపు సగం, 30 కిలోవాట్ల వేడి, ఫిన్‌ల ద్వారా, ఆయిల్ ద్వారా గాలికి చేరుతుందని అనుకోవచ్చు. గాలి 50 డిగ్రీలు వేడెక్కి బయటికి పోతుందనుకుంటే సెకనుకు 0.6 కిలోల గాలి కావాలి. మన మే నెల సాంద్రతలో అది సెకనుకు 0.55 ఘనపు మీటర్లు. ఎక్కేటప్పుడు నిజవేగం (పలుచని గాలిలో వేగమాపకం చూపే 105 కన్నా కాస్త ఎక్కువే) సెకనుకు 31 మీటర్లు ఉంటే, ద్వారంలో గాలి వేగం అందులో సగం నుంచి ఏడు పదో వంతుల దాకా ఉండేలా చూస్తే వైశాల్యం 255 నుంచి 357 చదరపు సెంటీమీటర్ల మధ్య వస్తుంది. నేను 300 దగ్గర ఆగాను. ప్రొపెల్లర్ మొదలుకు ఇటొకటి అటొకటి, ఒక్కొక్కటి సుమారు 14 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న రెండు గుండ్రని ద్వారాలు.

అంచు పదునుగా ఉండకూడదు. విమానం ముక్కెత్తి ఎక్కేటప్పుడు గాలి కింది నుంచి వాలుగా వచ్చి ద్వారంలో దూరుతుంది. పదునైన అంచు దగ్గర అది విడిపోయి లోపల సుడి తిరుగుతుంది. మట్టికుండ మూతి అంచులా గుండ్రంగా, లోపలికి తిరిగినట్టు ఉండాలి. నేను కనీసం 10 మిల్లీమీటర్ల వ్యాసార్థం పెట్టాను.

ద్వారం తరువాత గాలి ఒక్కసారిగా విశాలమైన గదిలోకి పడితే దాని వేగం సుడులుగా వృథా అవుతుంది. మెల్లగా వెడల్పయ్యే గొట్టం ద్వారా తీసుకెళ్తే అదే వేగం పీడనంగా మారుతుంది. ఒక్కో గోడ 7 డిగ్రీలకు మించి విచ్చుకోకపోతే మంచిది. చిన్న విమానంలో అంత పొడవు దొరకదు. దొరికినంత వరకు చేయండి, కనీసం మొదటి సిలిండర్ ముందు ఉన్న నేరుగా ఢీకొట్టే గోడనైనా వాలుగా చేయండి.

తొడుగు తొడిగితే ఇంజిన్‌కు ఊపిరాడదని ఒకప్పుడు పెద్ద ఇంజినీర్లూ అనుకున్నారు. 1928లో అమెరికాలోని లాంగ్లీ ప్రయోగశాలలో ఫ్రెడ్ వైక్ బృందం నక్షత్రాకారపు ఇంజిన్‌కు పూర్తి తొడుగు వేసి చూసింది. దాన్ని అమర్చిన కర్టిస్ విమానం వేగం గంటకు 118 మైళ్ల నుంచి 137 మైళ్లకు పెరిగింది. ఇంజిన్ కూడా చల్లగానే ఉంది. ఆ పనికి అమెరికా విమానయాన రంగంలో ఇచ్చే కొలియర్ ట్రోఫీ 1929 సంవత్సరానికి దక్కింది.

ఐదో అడుగు: కట్ట, అంటే బాఫిల్‌లు

తొందరలో ఉన్నవాళ్లు మిగతా అడుగులు వదిలేసినా దీన్ని మాత్రం వదలవద్దు.

నా మొదటి కౌలింగ్‌లో ఎడమ వెనుక సిలిండర్ ఎక్కేటప్పుడు మిగతావాటికన్నా 30 డిగ్రీలు ఎక్కువ కాగేది. నేను చేసిన తెలివితక్కువ పని, ముందు ద్వారాలను కోసి పెద్దవి చేయడం. ముందు సిలిండర్లు కాస్త చల్లబడ్డాయి. వెనుకది ఒక్క డిగ్రీ కూడా తగ్గలేదు. మళ్లీ కోశాను, మళ్లీ అంతే. వేగం మాత్రం తగ్గింది.

ఆ వారం ఆయిల్ కూలర్‌కు అతుకు వేయించడానికి ఆటోనగర్‌లో రేడియేటర్ పని చేసే ఒక మేస్త్రి దగ్గరికి వెళ్లాను. కష్టం విని ఆయన ఒకే ప్రశ్న అడిగాడు: “సార్, లోపల బల్బు పెట్టి చూశారా?”

ఆ రాత్రి షెడ్డులో లైట్లన్నీ ఆర్పి, ఇంజిన్ కింది గదిలో ఒక ఎల్‌ఈడీ బల్బు వెలిగించి, ముందు ద్వారంలోంచి పై గదిలోకి తొంగి చూశాను. ఫిన్‌ల మధ్య సన్నని గీతలుగా వెలుతురు రావాలి. వచ్చింది. దాంతోపాటు వెనుక బాఫిల్ మూలన, ఆయిల్ కూలర్ పక్కన, ఇంజిన్ పొట్టకూ రేకుకూ మధ్యన, రెండు సిలిండర్ల నడుమ, ఎన్నిచోట్లో! కార్తీక పౌర్ణమి నాడు వేయిస్తంభాల గుడిలో దీపాలు వెలిగినట్టు ఉంది.

ఆ సందుల విలువ అంకెల్లో చూడండి. పై కౌలింగ్‌ను బాఫిల్ తాకే అంచు పొడవు మొత్తం రెండున్నర మీటర్లు ఉంటుంది. ఆ పొడవునా ఒకటిన్నర మిల్లీమీటర్ల సందు ఉంటే వైశాల్యం 37 చదరపు సెంటీమీటర్లు దాటుతుంది. నా ముందు ద్వారంలో ఎనిమిదో వంతు. ఫిన్‌ల ఇరుకు దారికన్నా ఆ ఖాళీ సందు గాలికి సులువు కాబట్టి నష్టం ఎనిమిదో వంతు దగ్గర ఆగదు. బుంగ పడిన కట్ట వెనుక ఆయకట్టు చివరి పొలానికి నీరందనట్టే, వెనుక సిలిండర్ ఎండిపోతుంది. మన ఆయిల్ కూలర్ కూడా అక్కడే కూర్చుని తన వాటా లాక్కుంటుంది. ఇక చివరివాడికి మిగిలేదేముంది?

చేయాల్సిన పని ఇది.

బాఫిల్‌లకు 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు వాడండి. ముందు అట్ట ముక్కలతో కోసి అమర్చి, కుదిరాక రేకు మీద గీయండి. రేకు పని చేసేవాళ్లు ఊరంతా ఉన్నారు, కానీ అట్ట నమూనా మాత్రం మీరే చేయాలి, ఎందుకంటే ఇంజిన్ చుట్టూ వేలు ఎక్కడ దూరుతుందో మీకే తెలుసు. మడతల దగ్గర పదునైన మూల వద్దు, అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. రంధ్రాలు, కోతల చివరలు ఆకురాయితో నునుపు చేయండి.

రేకు అంచుకూ కౌలింగ్‌కూ మధ్య మెత్తని పట్టీ కావాలి, ఎందుకంటే ఇంజిన్ ఊగుతుంది, కౌలింగ్ ఊగదు. లోపల గుడ్డ పొర ఉన్న 3 మిల్లీమీటర్ల సిలికాన్ రబ్బరు షీటు సరైనది. గ్యాస్కెట్ షాపుల్లో అడిగితే తెప్పిస్తారు. పాత టైరు ట్యూబు కోసి వాడినవాళ్లను చూశాను, రెండు నెలల్లో అప్పడంలా తయారైంది. పట్టీ పైఅంచు ఎప్పుడూ పీడనం ఉన్న వైపు, అంటే గది లోపలికి వంగి ఉండాలి. అప్పుడు గాలే దాన్ని కౌలింగ్‌కు అదిమి పెడుతుంది. బయటికి వంగితే అదే గాలి దాన్ని తోసుకుని పోతుంది. మూలల్లో పట్టీలు ఒకదాని మీద ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కాలి.

మిగిలిన చిన్న సందులకు వేడికి తట్టుకునే ఎర్ర సిలికాన్ పేస్టు. ప్రొపెల్లర్ వెనుక, ఇంజిన్ ముక్కు చుట్టూ ఉండే ఉంగరం లాంటి ఖాళీని చాలామంది మరచిపోతారు. స్పిన్నర్ (ప్రొపెల్లర్ మధ్యన ఉండే టోపీ) వెనుక నుంచి గాలి అక్కడే జారిపోతుంది. అడ్డంగా రేకు పెట్టి మూసేయండి.

తరువాత సిలిండర్ల మధ్య, కింద ఉండే రేకులు. గాలి పై నుంచి దిగి సిలిండర్ కింది సగాన్ని కూడా చుట్టుకుని పోవాలి. ఆ రేకు ఫిన్‌ల చివర్లకు ఆనుకుని ఒంపు తిరిగి, అడుగున ఒక సన్నని చీలిక మాత్రం వదలాలి. ఇక్కడే ఒక చిక్కుంది. కొన్ని సిలిండర్లకు ఒకవైపు ఫిన్‌లు మరీ పొట్టిగా పోతపోసి ఉంటాయి. అక్కడ రేకు పూర్తిగా ఆనితే గాలికి దారే ఉండదు. రేకు వెనుక రెండు వాషర్లు వేసి కాస్త ఎత్తితే ఆ హెడ్ వెంటనే చల్లబడటం నేను చూశాను. సందులన్నీ మూయమని ఇంతసేపు చెప్పి ఇప్పుడు సందు వదలమంటున్నానని విసుక్కోకండి. గాలి ఫిన్‌ల పక్క నుంచి పోవాలి, వాటిని తప్పించుకుని కాదు. తేడా అంతే.

ఎడమ వెనుక సిలిండర్ సంగతి: సందులు మూసి, ఆయిల్ కూలర్‌కు విడిగా గొట్టం పెట్టాక మిగతావాటితో తేడా 8 డిగ్రీలకు దిగింది. పెద్దవి చేసిన ద్వారాలను మళ్లీ ఫైబర్ గ్లాసుతో చిన్నవి చేశాను. ఆ అతుకు గుర్తు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఆరో అడుగు: వెనుక ద్వారం

వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది. 45 డిగ్రీల దగ్గర లోపలికొచ్చి 95 దగ్గర బయటికి పోయే గాలి ఘనపరిమాణం దాదాపు 16 శాతం పెరుగుతుంది. నిదానంగా ఎక్కే మన లాంటి విమానాలకు వెనుక ద్వారం ముందుదానికి ఒకటింబావు నుంచి ఒకటిన్నర రెట్లు ఉంటే సరిపోతుంది. 300కు దాదాపు 440 చదరపు సెంటీమీటర్లు, అంటే 40 సెంటీమీటర్ల వెడల్పు, 11 సెంటీమీటర్ల ఎత్తు. సైలెన్సర్ గొట్టాలు అదే దారిలో పోతుంటే వాటి వైశాల్యం అదనంగా కలపాలి.

చోటు ముఖ్యం. విమానం పొట్ట కింద, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ మనం కూర్చునే చోటుకూ మధ్య ఉండే మంట అడ్డుగోడ) అడుగున పెడితే మేలు. ముందు అద్దం మొదట్లో చిల్లులు పెట్టి గాలి వదిలేస్తామని కొందరంటారు. అక్కడ గాలి అద్దాన్ని గుద్దుకుని పీడనం ఎక్కువగా ఉంటుంది, గాలి బయటికి పోవడానికి బదులు లోపలికి వస్తుంది.

ఫైర్‌వాల్ నిలువుగా దిగి పొట్టను లంబంగా కలిసే చోట మూల మీద కనీసం 7, 8 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వంపు తిరిగిన రేకు బిగించండి. ఎవరికీ కనిపించని ఆ రేకు వేడి గాలిని బయటి గాలితో సమాంతరంగా తిప్పి పంపుతుంది. అది లేకపోతే గాలి ఫైర్‌వాల్‌ను కొట్టుకుని కిందికి నిలువుగా చిమ్ముతుంది, బయటి గాలికి అడ్డుపడుతుంది. చివరి అంచున కిందికి వాలిన 3, 4 సెంటీమీటర్ల పెదవి పెడితే దాని వెనుక పీడనం తగ్గి గాలిని లాగుతుంది. కొంత వేగం పోతుంది. మే నెలలో ఆ పెదవి బిగిస్తాను, దీపావళి తరువాత విప్పేస్తాను, నాలుగు స్క్రూలే కదా.

వేడి గాలి వెనక్కి చిమ్మితే విమానాన్ని ముందుకు తోస్తుందన్న మాట విని ఉంటారు. 1936 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో మెరెడిత్ అనే శాస్త్రవేత్త లెక్క కట్టి చూపించిన విషయమది. మస్టాంగ్ యుద్ధవిమానం దాన్ని వాడుకుంది. మన 180 కిలోమీటర్ల వేగంలో అది తోయదు, మనకు పడే అడ్డును కాస్త తగ్గిస్తుంది. అంతకుమించి ఆశపడితే లెక్క తప్పినట్టే.

ఏడో అడుగు: రేడియేటర్ ఉన్నవాళ్లకు

రోటాక్స్ 912లో హెడ్‌లను నీళ్లు, సిలిండర్లను గాలి చల్లబరుస్తాయి. రేడియేటర్ పెట్టాను కాబట్టి బాఫిల్ అక్కర్లేదనుకోకండి, సిలిండర్ల మీదికి కూడా ఒక గాలి దారి కావాలి. మొదటి అడుగులో చూసిన లెక్క గుర్తుంచుకుని, చల్లని దేశపు ప్లాన్‌లో చూపిన రేడియేటర్ కన్నా ఒకటిన్నర రెట్లు వేడిని తీసేయగలదాన్ని ఎంచుకోండి.

రేడియేటర్‌ను కౌలింగ్‌లో ఏదో ఒక మూల వేలాడదీస్తే గాలి దాని చుట్టూ తిరిగి పోతుంది. ముందు విచ్చుకునే గొట్టం, చుట్టూ సీలు, వెనుక మళ్లీ ఇరుకయ్యే గొట్టం ఉండాలి. రేడియేటర్ ముఖం ద్వారం కన్నా రెండు మూడు రెట్లు పెద్దది కావాలి, ఫిన్‌ల గుండా గాలి నిదానంగా పోవాలి. కూలెంట్ వ్యవస్థలో అన్నిటికన్నా ఎత్తున ఉండాల్సింది విస్తరణ ట్యాంకు. ఎక్కడైనా గొట్టం పైకి ఉబ్బి కిందికి దిగితే అక్కడ గాలి బుడగ చిక్కుకుంటుంది.

రోటాక్స్ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టెలు 80 డిగ్రీలు దాటకూడదు. వాటిని ఫైర్‌వాల్ మీద ఎగ్జాస్ట్‌కు దూరంగా పెట్టి చిన్న గొట్టంతో చల్లగాలి ఊదండి.

పెట్రోలు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. రోటాక్స్ 912కు అనుమతి 10 శాతం దాకానే. వేడి కౌలింగ్‌లో పెట్రోలు గొట్టంలోనే ఆవిరై పంపు ఆడకపోవడం వేరే ముప్పు. గొట్టాలకు అగ్నినిరోధక తొడుగు వేసి, ట్యాంకుకు తిరిగి పోయే గొట్టం తప్పకుండా పెట్టండి.

ఎనిమిదో అడుగు: తొడుగు పోత

ఇంజిన్ మీద థర్మోకోల్ దిమ్మలు పేర్చి, చెక్కి, పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూసి నునుపు చేస్తే అచ్చు తయారవుతుంది. వినాయక విగ్రహాలు చేసేవాళ్లకు ఇది చేతిలో విద్య. నా అచ్చు మీద ఆఖరి పూత పూసింది అలాంటి ఒక కళాకారుడే. రెండు వైపులా ఒకే ఒంపు వచ్చిందో లేదో ఆయన కంటితో చెప్పేవాడు, నేను స్కేలుతో సరిచూసేవాణ్ని.

రెసిన్ మాత్రం ఎపాక్సీయే వాడండి. పాలియెస్టర్ రెసిన్ థర్మోకోల్‌ను కరిగించేస్తుంది, వేడికీ నిలవదు. నేను 280 గ్రాముల గ్లాసు గుడ్డ మూడు పొరలు, అంచుల్లో, స్క్రూలు వచ్చే చోట ఐదు పొరలు వేశాను. మే నెల పగలు ఎపాక్సీ కలపకండి. కప్పులోనే పొగలు కక్కి గడ్డకడుతుంది. తెల్లవారుజామున నాలుగు గంటలకు, ఒకసారికి 150 గ్రాములు మించకుండా కలిపితే ప్రశాంతంగా పని సాగుతుంది.

గట్టిపడ్డాక అచ్చు మీద నుంచి తీయకుండానే నల్ల టార్పాలిన్ కప్పి మూడు రోజులు ఎండలో పెట్టండి. గది ఉష్ణోగ్రతలో గట్టిపడిన ఎపాక్సీ తరువాత కాస్త వేడికే మెత్తబడుతుంది. ఈ ఎండ కాపడంతో దాని తట్టుకునే శక్తి పెరుగుతుంది. మన ఎండ మనకు ఉపకారం చేసే ఒకే ఒక్క సందర్భం ఇది. రంగు తెలుపే వేయండి. సైలెన్సర్‌కు, కౌలింగ్‌కు మధ్య కనీసం 5 సెంటీమీటర్లు వదిలి, ఆ చోట లోపలి వైపు అల్యూమినియం పూత ఉన్న వేడి నిరోధక రేకు అతికించండి. ఫైర్‌వాల్ 0.4 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు, దానిలోని ప్రతి రంధ్రం మూసి ఉండాలి. కింది కౌలింగ్ అట్టడుగున పెట్రోలు కారిపోవడానికి ఒక చిన్న చిల్లు.

తొమ్మిదో అడుగు: కొలవండి

పై కౌలింగ్ తీసేసి నేల మీద ఇంజిన్ నడిపితే చల్లగా ఉంటుందనుకోవడం ఒక భ్రమ. కౌలింగ్ లేకపోతే చెరువు లేదు, పీడనం లేదు, గాలి సిలిండర్ల మీదుగా ఊరికే దాటిపోతుంది. నేల మీద ఎప్పుడు నడిపినా ముక్కు గాలికి ఎదురుగా పెట్టండి, పూర్తి శక్తితో నిమిషం దాటనీయకండి.

నాలుగు హెడ్‌లకూ నాలుగు సెన్సర్లు, అన్నీ ఒకే రకం. స్పార్క్ ప్లగ్ కింద పెట్టే ఉంగరం సెన్సరూ, హెడ్‌లో దూర్చే సెన్సరూ ఒకే అంకె చూపవు. రెండు రకాలు కలిపి పోల్చుకుంటే లేని జబ్బుకు మందు వేసినట్టవుతుంది.

పీడన తేడా కొలవడానికి సెలైన్ ఎక్కించే గొట్టం చాలు. ప్లైవుడ్ ముక్క మీద యు ఆకారంలో బిగించి, చుక్క సిరా కలిపిన నీళ్లు పోసి, ఒక కొస పై గదికి, రెండోది కింది గదికి కలపండి. గది లోపలి కొసకు చివర మూసి, పక్కన మిల్లీమీటరు రంధ్రాలు వరుసగా వేసిన సన్నని రాగి గొట్టం తగిలించండి. లేకపోతే ఒకచోటి గాలి దెబ్బను మొత్తం గది పీడనమని పొరబడతాం.

ఇంకా తేలికైన ఉపాయం, పాత వేగమాపకం. దాని పిటో కొస (ఎదురు గాలి తాకిడి అందుకునేది) పై గదికి, స్టాటిక్ కొస (చుట్టూ ఉన్న పీడనం అందుకునేది) కింది గదికి కలపండి. విమానం అసలు వేగమాపకం 105 చూపుతున్నప్పుడు ఇది 90 చూపిందనుకోండి. 90ని 105తో భాగించి వర్గం చేస్తే 0.73. తాకిడి పీడనంలో 73 శాతం ఫిన్‌ల మీద పని చేస్తోందన్న మాట. ఎండాకాలమైనా చలికాలమైనా ఈ నిష్పత్తి నిలుస్తుంది. నా మొదటి కౌలింగ్‌లో అది 45 శాతం దగ్గర ఉండేది.

పీడనం బాగుండి ఒక సిలిండర్ మాత్రమే కాగుతుంటే ఆ సిలిండర్ రేకులు చూడండి. పై గదిలో పీడనం తక్కువైతే కట్టకు గండి ఉంది, లేదా ముందు ద్వారం చాలదు. పై గదిలో బాగుండి కింది గదిలో కూడా ఎక్కువుంటే వెనుక ద్వారం ఇరుకు, మా అమ్మ తెరిచే కిటికీ అన్నమాట.

జనవరిలో 20 డిగ్రీల రోజున హెడ్ 190 చూపితే మే నెలలో 45 డిగ్రీలకు ఎంత? ఉరామరిగా బయట ఎన్ని డిగ్రీలు పెరిగితే హెడ్‌కు అన్ని కలపండి, 215. ఆ అంకె మీ గోడ మీద రాసుకున్న పరిమితికి లోపల ఉందో లేదో చలికాలంలోనే తేల్చుకోండి.

తరువాత రోజువారీ పని

పత్తి ఏరే నెలల్లో ఎనుమాముల మార్కెట్ దారిలో చెట్లకు కూడా దూది వేలాడుతుంది. ఆ నూగు ఆయిల్ కూలర్, రేడియేటర్ ముఖాల మీద దుప్పటిలా పరుచుకుంటుంది. పదిహేను రోజులకోసారి వెనుక నుంచి ముందుకు తక్కువ పీడనపు గాలితో ఊదండి. నీళ్ల జెట్ కొడితే పలుచని ఫిన్‌లు వంగిపోతాయి.

పాతిక గంటలకోసారి పై కౌలింగ్ తీసినప్పుడు సిలికాన్ పట్టీ తాకే గీతను లోపలి వైపు చూడండి. పట్టీ ఒరుసుకున్న చోట శుభ్రమైన మెరిసే గీత ఉంటుంది. గీత తెగి నల్లని దుమ్ము చారలు పాకి ఉంటే గాలి అక్కడ కారుతోంది.

దిగి ఇంజిన్ ఆపాక ఆయిల్ చూసే చిన్న తలుపు తెరిచి పెట్టండి. లోపలి వేడి పైకి పోతుంది, కార్బురేటర్‌లో పెట్రోలు మరగదు. చల్లారిన తరువాత ముందు ద్వారాలకు స్పాంజి బిరడాలు పెట్టాలి, లేకపోతే గోరింకలు రెండు రోజుల్లో గూడు కట్టేస్తాయి. ఒకసారి నా పై గదిలోంచి గంపెడు గడ్డి, రెండు ఐస్‌క్రీమ్ పుల్లలు, ఒక బతుకమ్మ పువ్వు బయటికి వచ్చాయి. బిరడాలు రెండింటినీ ఒకే తాడుతో కలిపి, ఆ తాడు ప్రొపెల్లర్ ముందు వేలాడేలా కట్టి, దానికి మూరెడు ఎర్ర గుడ్డ ముడివేయండి.